ఏనుగు కడుపులో బొంగరం

అంకుడుపాలెంలో లక్క బొమ్మలు చేసే లక్కవీధిలో, పెంటయ్య తాత ఇంటి అరుగు మీద గుమ్మడికాయంత కొయ్య ఏనుగు ఒకటి ఉండేది. తాత తండ్రి చేసిన బొమ్మ అది. ఊపితే కడుపులో ఏదో గలగలమనేది. అదేమిటని అడిగిన వాళ్లకు తాత ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పేవాడు. ఒకరికి సింహం పన్ను అన్నాడు. ఇంకొకరికి అరగని చెరకు ముక్క అన్నాడు. పోస్టుమాస్టరు అడిగితే మాత్రం, అందకుండా పోయిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయన్నాడు.

ఆ శనివారం పొద్దున, తాత మనవరాలు నూకాలు దుమ్ము దులుపుతూ ఏనుగును జారవిడిచింది. పదకొండేళ్ల పిల్ల, చేతులు చురుకే గాని చూపు ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటుంది. ఏనుగు నేలమీద పడి, లక్కతో అతికిన చోట రెండు చెక్కలయింది. లోపలి నుంచి మసిబారిన బొంగరం ఒకటి దొర్లుకుంటూ వచ్చి తాత కాలివేలికి తగిలి ఆగింది.

నూకాలు దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. బొంగరం నిండా సన్నని గీతలు. పైన రెండు కొమ్ముల కొండ, దాని కింద నోరు తెరిచిన గుహ, గుహలోంచి మెలికలు తిరుగుతూ పోయే దారి.

"తాతా, ఇది దారి పటవే. కిటుకు బొమ్మలు దాసిన సోటు."

ఆ బొమ్మల గొడవ మొదలై రెండు రోజులే అయింది. పట్నం నుంచి సుచరిత గారని ఒకావిడ వచ్చారు. ఆవిడ పిల్లల కోసం వింత పుస్తకాలు వేస్తారు. కథ సగంలో ఆగిపోతుంది. పుస్తకంతో పాటు ఇచ్చిన బొమ్మ కిటుకు కనిపెట్టి విప్పితే, లోపలున్న గుర్తు తరువాత ఏ పేజీ తెరవాలో చెబుతుంది. అలాంటి బొమ్మలు ఈ వీధిలో ఉన్నాయా అని ఆవిడ అడిగితే, పెంటయ్య తాత మీసం తిప్పాడు.

"మా నాయిన వంద సేసినాడండి. జమీందారు మనిసి ఎత్తుకుపోతాడని కొండలో దాసీసినాడు."

వీధి వీధంతా నవ్వింది. తాతకు రోషం వచ్చింది. సోమవారానికల్లా చూపించకపోతే ఈ జన్మలో ఉలి ముట్టనని అందరి ముందూ అనేశాడు. అప్పుడు నవ్వనిది నూకాలు ఒక్కతే. ఈ ఏడు తనను కొయ్య తిప్పి చెక్కే లేతు ముందు కూర్చోబెట్టి ఉలి పట్టిస్తానని తాత మాటిచ్చాడు. ఆడపిల్లకు ఉలి ఇచ్చేవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు. తాత చేయి ఆగిపోతే నూకాలు చేయి మొదలే కాదు.

కాబట్టి ఆమె బొంగరాన్ని తాత చేతిలో పెట్టి, మేనత్తను పిలుచుకురావడానికి పరుగెత్తింది. పొలంలో ఉన్న గైరమ్మత్తను లాక్కొచ్చేసరికి ఇంట్లో లేతు గిర్రున తిరుగుతోంది. తాత తన్మయంగా బొంగరానికి మొగలాకు అదిమి పట్టి మెరుగు పెడుతున్నాడు. మాసిన బొమ్మ చేతికొస్తే యాభై ఏళ్లుగా ఆ చేయి చేసే పని అదొక్కటే. బొంగరం అద్దంలా మెరుస్తోంది. గీతలు మాత్రం ఒక్కటీ లేవు.

"అయ్యా, దారి ఏదీ?" అంది గైరమ్మ.

తాత బొంగరం వంక చూశాడు, మొగలాకు వంక చూశాడు. "మెరుపు బాగొచ్చిందే," అన్నాడు నీరసంగా.

"నీ మెరుపు మండిపోను. బుర్ర కూడా మొగలాకుతోటే తోమీసినావేటి?"

నూకాలు ఏడుపు మింగుకుంది. రెండు కొమ్ముల కొండను చుట్టుపక్కల ఎరగని వాళ్లు లేరు. అక్కడిదాకా పోవచ్చు, లోపల సంగతి లోపల చూసుకోవచ్చు. మసి పోయాక బొంగరం మీద పసుపు చార పక్కన నీలం చార, మళ్లీ పసుపు, మళ్లీ నీలం బయటపడ్డాయి. దాన్ని గౌను జేబులో వేసుకుంది. గైరమ్మ నూతి తాడు భుజాన వేసుకుని, బ్యాటరీ లైటు, చద్దన్నం క్యారేజీ పట్టుకుంది. తాత మాత్రం కబుర్లు పట్టుకున్నాడు.

దారి పొడుగునా వెదురు పొదలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. ఎండుటాకులు మోకాలి లోతున ఉన్నాయి. రాళ్ల మధ్య తొండలు తలలూపుతున్నాయి. ఈ అడవిలోనే ఓసారి ఎలుగుబంటి ఎదురైతే తాను తుమ్మానని, ఆ తుమ్ముకు అది మూడు కొండలు దాటి, నాలుగో కొండ మీద జలుబు చేసి పడుకుందని తాత చెప్పాడు.

"నిరుడు రెండు కొండలే అన్నావు," అంది నూకాలు.

"అప్పటికి అది ఇంకా పరిగెడతానే ఉంది మరి."

మధ్యాహ్నానికి గుహ చేరారు. చల్లని గాలి ముఖానికి కొట్టింది. నాలుగు బారలు నడిచేసరికి ఎదురుగా మూడు బిలాలు కనిపించాయి. ఒకటి పొడిగా, విశాలంగా, రమ్మన్నట్టుంది. రెండోది నల్లగా ఉంది, లోపల గబ్బిలాలు కిచకిచమంటున్నాయి. మూడోది ఇరుకు, జారుడు. దాని గోడల నిండా పచ్చటి నాచు.

పిల్లలూ, ఇక్కడ కాసేపు పుస్తకం మూయండి. మీరయితే ఎందులోకి వెళ్తారు? విశాలమైన దాంట్లోకి అన్నవాళ్లు చేతులెత్తండి. తాత కూడా అదే అన్నాడు. అడుగు వేయబోతుంటే గైరమ్మ అతని చొక్కా పట్టుకు లాగి, ముందుగా ఒక రాయి విసిరింది. రాయి పోయింది, పోతూనే ఉంది. కింద తగిలిన చప్పుడే లేదు. ఎత్తిన చేతులు ఇక దించవచ్చు.

నూకాలు జేబులోంచి బొంగరం తీసింది. ముత్తాత దాన్ని ఏనుగు కడుపులో దాచింది ఊరికే కాదు. బొంగరం ఇచ్చినవాడు దాన్ని చూడమంటాడా, తిప్పమంటాడా? ఆమె క్యారేజీ మూత బోర్లించి, గౌను అంచున దారం పీకి చుట్టి, బొంగరం వదిలింది. లైటు వెలుగులో బొంగరం జుయ్యిమంది. పసుపు చారలు నీలంలో కలిశాయి, నీలం పసుపులో కలిసింది. బొంగరమంతా నిండు ఆకుపచ్చగా మారింది.

"పచ్చ. తాతా, నాచున్న బిలం."

"సూసినావేటే గైరా," అన్నాడు తాత. "నాను మెరుగెట్టకపోతే రంగు కనిపించునా? గీతలు దొంగలకి, రంగు మనవాళ్లకి. మా నాయిన మనసు నాకు తెల్దా?"

"నీకు తెలిసింది ఇప్పుడే," అంది గైరమ్మ.

నాచు బిలంలో పైకి పాకుతూ పోయారు. చేతుల కింద సన్నగా నీరు జారుతోంది. చివర ఇల్లంత గది. కప్పులో ఒక చీలిక, అందులోంచి కర్రలా దిగిన వెలుగు. ఆ వెలుగులో, మనిషెత్తు రాతి అరుగు మీద, రెండు బండల మధ్య ఇరుసుకు గుచ్చి ఉంది మద్దెలంత గుండ్రటి కొయ్య పెట్టె. మూతకూ పెట్టెకూ మధ్య వేలి మందాన లక్క. గైరమ్మ రాయెత్తింది.

"కొట్టకు," అని తాత అడ్డుపడ్డాడు. ఈసారి గొంతులో కబుర్లు లేవు. "కొడితే లోపలున్నవన్నీ పలిగిపోతాయి. సరిగ్గా సూడు, ఇది పెట్టె కాదు, లేతు. పాతకాలపు తాడు లేతు. కరెంటు రాకముందు మా అమ్మ తాడు లాగితే మా నాయిన ఉలి పట్టీవోడు. తాడు సుట్టి తిప్పితే, రాపిడికి లక్క మెత్తబడతాది. ఆ తాడు అటూ ఇటూ ఎలా లాగాలో తెలిసినోళ్లే దీన్ని తియ్యాలని ఎట్టినాడు."

ముగ్గురూ అరుగెక్కి నూతి తాడు పెట్టె నడుముకు చుట్టారు. ఒక కొస గైరమ్మ, ఒక కొస నూకాలు. తాత బొమ్మలు చేసే అంకుడు కర్రముక్క ఒకటి మొలలోంచి తీసి అతుకు మీద అదిమాడు.

"లాగు. వదులు. లాగు. వదులు. గుంటా, ఇది పెళ్లినడక కాదు, బేగి లాగు."

ఇరుసు మూలిగింది, పెట్టె తిరిగింది. నూకాలు అరచేతులు భగ్గుమన్నాయి. కాసేపటికి గది అంతా లక్కవీధి వాసన కమ్ముకుంది. లక్క మెత్తబడి తీగలు సాగింది. తాత మూత మెలితిప్పి లాగాడు.

లోపల ఎండుగడ్డిలో నాలుగు వరసల బొమ్మలు. చిలకలు, ఏనుగులు, బండ్లు, భరిణెలు, గుడ్లగూబలు. వరసకు పది. నూకాలు చూపు మొదటిసారి ఎక్కడికీ పోకుండా లెక్క పెట్టింది. నలభై.

సరిగ్గా అప్పుడే కొండ మీద ఉరుము ఉరిమింది. కప్పు చీలికలోంచి ముందు చినుకులు, వెంటనే ధార, ఆ వెంటనే గడ్డీ మట్టీ కలిసిన ఎర్రనీళ్లు దబదబా దూకాయి. నేల మీది నీరు చీలమండలు దాటి మోకాళ్లకు ఎక్కింది.

"అయ్యా, దిగు. కొండ నీరు దిగుతోంది."

గైరమ్మ బిలం అంచున కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. నూకాలు అరుగు దిగుతూ నాచు మీద కాలేసింది. మరుక్షణం ఆమె నీళ్లలో ఉంది, నీళ్లు ఆమెను గది మూలనున్న సుడి వైపు తిప్పుకుపోతున్నాయి. తాత అరుగు మీద ఉన్నాడు. అక్కడున్నది ఒకటే తాడు, అది పెట్టె నడుముకు చుట్టుకుని ఉంది. పెట్టె ఇరుసు అప్పటికే సగం ఊడి, పక్క బండకు మెలిపడ్డ ఆ తాడు బిగువునే నిలిచి ఉంది.

తాత ఒక్క లెక్క కూడా వేయలేదు. తాడు సర్రున లాగి, ఒక కొస గైరమ్మకు, ఒక కొస నూకాలు వైపు విసిరాడు. "పట్టుకో అమ్మీ."

నూకాలు చేతికి తాడు చిక్కింది. వెనకాల పెట్టె దొర్లి నీళ్లలో పడిన చప్పుడు విని, "తాతా, బొమ్మలు," అంది నోటినిండా నీళ్లతో.

"బొమ్మలు మళ్లీ సేసుకుంటాం. నిన్ను లేతు మీద సెయ్యలేను. లాగవే గైరా."

గైరమ్మ లాగింది. తాత దూకాడు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకున్నారో లేదో, వెనక నుంచి వచ్చిన నీటి తోపు వాళ్లను నాచు బిలంలోకి నెట్టింది. పాకుతూ ఎక్కడానికి అరగంట పట్టిన దారిని కన్నుమూసి తెరిచేలోగా జారారు. మూడు బిలాల గది వెనకబడింది, గుహ నోరు దాటింది. కొండ కింద ఊరి వైపు పారే గెడ్డలో, ఇసుక మేట మీద ముగ్గురూ చతికిలబడ్డారు. క్యారేజీ గైరమ్మ చేతిలోనే ఉంది, చద్దన్నంలో చుక్క నీరు పోలేదు. ఈ మాట నేను ఎక్కించి చెప్పడం లేదు, కావాలంటే గైరమ్మను అడగండి.

నూకాలు తల వంచుకుంది. చేతులు ఖాళీ. సోమవారం వస్తుంది, వీధి నవ్వుతుంది, తాత ఉలి గూట్లోకి పోతుంది.

"ఓలమ్మ, అటు సూడండి," అంది గైరమ్మ.

గుహ నోట్లోంచి ముందుగా ఒక చిలక వచ్చింది. నీళ్ల మీద ముక్కెత్తుకుని, పెళ్లికొచ్చిన దానిలా ఊగుతూ వచ్చింది. దాని వెనక ఏనుగు, ఏనుగు వెనక బండి, భరిణెలు, గుడ్లగూబలు. కొయ్య బొమ్మలు, పైన లక్క పూత. నీళ్లు వాటినేం చేస్తాయి? ఎర్రనీటి మీద రంగురంగుల ఊరేగింపులా, వాళ్ల ముందు నుంచే ఊరి వైపు సాగిపోయాయి. ముగ్గురూ గెడ్డ వెంట పరుగెత్తారు. రేవులో బట్టలుతుకుతున్న వాళ్లు, గేదెలు తోముతున్న వాళ్లు, లక్కవీధి పిల్లలు, మొన్న నవ్విన వాళ్లందరూ నీళ్లలోకి దిగి ఒడిసిపట్టారు. ముప్పై నాలుగు చిక్కాయి.

సోమవారం సుచరిత గారు అరుగు మీద కూర్చుని ఆ బొమ్మలను తిప్పారు, నొక్కారు, లాగారు. గుడ్లగూబ తల మూడుసార్లు తిప్పితే కడుపు తెరుచుకుంది. చిలక తోక వెనక్కి లాగితే ముక్కు ఊడి అందులోంచి తాళంచెవి పడింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు. పుస్తకంలోకి ఇవే కావాలని, వీధిలోని లేతులన్నీ వీటినే చేయాలని అన్నారు.

"కాని వంద అన్నారుగా పెంటయ్య గారూ?"

"మిగతా అరవయ్యారూ సముద్రంలోకి ఎల్లిపోనాయండి. పాపం, అక్కడ సేప పిల్లలకి ఆడుకోడానికి ఏటుంది?"

వీధి మళ్లీ నవ్వబోయి ఆగింది. ఆవిడ నూకాలు వైపు తిరిగారు. "పెట్టె తెరిచినప్పుడు నువ్వు చూశావుటగా. నిజంగా వంద ఉన్నాయా అమ్మా?"

అందరూ నూకాలు వంక చూశారు. తాత ఇంటి కప్పు వంక చూశాడు.

"తాతకి లెక్క రాదండి," అంది నూకాలు. తాత మీసం కిందికి జారింది. "నూట పదారున్నాయి. నాను రెండుసార్లు లెక్కెట్టినాను."

తాత మీసం మళ్లీ పైకెక్కింది. తాత లేచి, గూట్లోంచి ఉలి తీసి, పంచె అంచుతో తుడిచి మనవరాలి చేతిలో పెట్టాడు.

"రా గుంటా, కూకో. నీకు నాను నేర్పాల్సింది ఇంక ఇదొక్కటే మిగిలింది."