కొర్లయ్య పేరున నిద్ర

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. యాభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికి రెండు నెలలు పట్టింది.

2068 నాటికి సరుకు ఓడల్లో లాగ్‌బుక్కులు చేత్తో రాయడం పోయింది. నావికులు నిద్ర లేకుండా పనిచేసి, విశ్రాంతి గంటలు మాత్రం నిండుగా రాసిపెట్టడం పాత అలవాటు. దానికి విరుగుడుగా నిద్రపట్టీ వచ్చింది. మణికట్టుకు కట్టే ఆ సెన్సరు నాడిని, నెత్తురులోని అలసటను చదివి విశాఖలోని తీర కార్యాలయానికి పంపేది. ఏ నావికుడికైనా రోజుకు నిద్ర ఆరు గంటలకన్నా తగ్గితే ఓడ ఇంజను దానంతటదే ఆగిపోయేది. పట్టీ రాసినదాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు. అయితే మొదటిసారి ఎవరి నాడి చూస్తే వారినే అది యజమానిగా నమ్మేది.

అందుకని ఓడ కంపెనీ తీర మేనేజరు శ్రీవత్స ఆ పట్టీలను నావికుల భార్యలకు కట్టించాడు. పట్టీ ఓడలో ఉందా, ఒడ్డున ఉందా అని అడిగే గడి ఆ రికార్డులో లేదు.

కాసులమ్మకు కట్టిన పట్టీ మీద భర్త కొర్లయ్య పేరుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా ఆమె పడుకోవాలి.

"ఒలే కాసులమ్మా, మీ మావ నిద్దర నువ్వు పోతన్నావు. మరి ఆయన కూడెవులు తింతన్నారే?" అని పాలెం ఆడవాళ్ళు చేపలు ఎండేస్తూ నవ్వేవారు.

ఆమె పడుకుంటేనే తన కొలువు నిలుస్తుందని కొర్లయ్య ఫోనులో చెప్పేవాడు. గొంతు మాత్రం నానాటికీ ముద్దగా వచ్చేది. ఒక గురువారం పొద్దున మాట మధ్యలోనే కునికాడు. ఆ మధ్యాహ్నం ఆమెకు నిద్ర పట్టలేదు. ఒంటిగంటకు శ్రీవత్స ఫోను చేశాడు.

"పట్టీ మెలకువ చూపిస్తోందమ్మా. పడుకో."

"ఆయన మూడు దినాలై నిద్దరోలేదు బాబూ. ఓడ ఆగితే ఆగనీండి. కూసింతసేపు తొంగుంటాడు."

"ఆగితే ఎవరివల్ల ఆగిందని అడుగుతారు. ఆయన పేరే పైకొస్తుంది. ఇంకే ఓడా ఎక్కించుకోదు."

ఆమె నిద్రమాత్ర వేసుకుంది. ఓడ ఆగలేదు.

నాలుగింటికి కొర్లయ్య నిలబడే నిద్రపోయి, మూత తెరిచివున్న లోతైన సరుకు గదిలోకి పడి చనిపోయాడు. తోటి నావికుడే కళ్ళారా చూసి ఆమెకు చెప్పాడు. శవం ఇంటికి రావాలంటే విచారణ కాగితం మీద వేలిముద్ర వెయ్యాలన్నారు. కాసులమ్మ వేసింది.

ఆ కాగితంలో ఏముందో ఆమె నాలుగేళ్ళ తర్వాత, అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుకుంది.

సాయంత్రం నాలుగింటికి: గాఢనిద్ర. ఆరింటికి: గాఢనిద్ర. ఎనిమిదింటికి: మేల్కొన్నాడు, అలసట లేదు. ఎనిమిదీ పదికి: అజాగ్రత్త వల్ల పడి మరణించాడు.

పట్టీని దిద్దలేక చావును దిద్దారు. కింద వేలిముద్ర నాది.

గరికిన కాసులమ్మ, యాభై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ముత్యాలమ్మపాలెంలో, చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.