హాలరో అనే ఇంటిపేరు

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను. పీటర్‌బరోలో, బస్టాండు వెనక వీధిలో. ఫోనెత్తి "ఈనిడ్ హాలరోని మాట్లాడుతున్నాను" అంటాను. అవతలివాళ్ళు "హలో, చెప్పండి" అంటారు. "హలో కాదండీ, హాలరో, అది నా ఇంటిపేరు" అంటాను. "ఓహో, హాలోవేనా?" అంటారు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇదే వరస. బ్యాంకువాళ్ళు ఒకరకంగా రాస్తారు, కరెంటువాళ్ళు ఇంకోరకంగా. పెళ్ళయినన్నాళ్ళూ మొగుడి పేరు తగిలించుకుని కాస్త సుఖపడ్డాను. విడాకులతోపాటు ఈ పేరూ వెనక్కొచ్చింది.

పోయిన వసంతంలో నాన్న పోయాడు. దహనం చేసినచోట అస్థికల డబ్బా మీద ఇత్తడి రేకు అతికించి ఇచ్చారు. దానిమీద హాలోవే అని ఉంది. మా అన్న గార్త్ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుని ఆ రేకుని బొటనవేలితో రుద్దాడు. "చచ్చాక కూడానా" అన్నాడు.

గార్త్ గ్యాస్ మీటర్లు బాగుచేసే పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. నాన్న ఇంట్లోనే మేమిద్దరం ఉంటున్నాం. వాడికున్న పిచ్చల్లా మా ఇంటిపేరే. అది ఎక్కడ పుట్టింది, ఎటు పాకింది అని వయసులో ఉన్నప్పటినుంచీ వెతుకుతున్నాడు. వెనకగదిలో గోడకి ప్రపంచపటం తగిలించి గుండుసూదులు గుచ్చాడు. టాస్మానియాలో కొన్ని, కెనడా గోధుమ పొలాల్లో కొన్ని, దక్షిణాఫ్రికాలో ఒక ఇల్లు. ఇంగ్లండులో మేమే. అందరినీ పోగేస్తే ఒక చిన్న బస్సు నిండదు.

వాళ్ళందరికీ గార్త్ ఉత్తరాలు రాశాడు. మనం చుట్టాలం, మన పేరు గురించి మీకేమైనా తెలుసా అని. ఏళ్ళ తరబడి రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు. కెనడావాళ్ళు కవరు విప్పకుండానే తిప్పి పంపారు. దక్షిణాఫ్రికాకి ఫోన్ చేస్తే పేరు చెప్పగానే పెట్టేశారు. ఇంత లోకంలో ఒకే పేరున్నవాళ్ళు గుప్పెడు మందిమి ఉండి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడం ఏమిటని వాడు కుమిలిపోయేవాడు. నాకు మాత్రం వాడిమీదే చిరాకేసేది. పలకనివాళ్ళని ఎన్నిసార్లు పలకరిస్తావని పోట్లాడేదాన్ని.

నాన్న ఆఖరి రోజుల్లో వాణ్ణి ఒకటే అడిగాడు. మన ఊరేదో కనుక్కుని నన్ను అక్కడ కలిపెయ్యరా అని.

గార్త్ లెక్క ప్రకారం ఆ ఊరు తూర్పు తీరంలో, థార్న్‌ఫ్లీట్ అనే పల్లె దగ్గర ఉండాలి. మా పేరు మొట్టమొదట కనబడింది ఆ చుట్టుపక్కలే. తర్వాత అక్కణ్ణించి అందరూ ఒక్కసారిగా లేచిపోయారు. పక్క జిల్లాకి కాదు, ఓడలెక్కి దేశాలు దాటి. మా ముత్తాత తండ్రి కూడా పోయినవాడే, ముసలితనంలో ఎందుకో తిరిగొచ్చాడు. ఆ తీరంలో మాత్రం మళ్ళీ ఒక్క హాలరో కాలుపెట్టలేదు. సముద్రం ఊరిని మింగేసి ఉంటుంది, ఊరి పేరే ఇంటిపేరుగా మిగిలి ఉంటుంది అని వాడి నమ్మకం.

నవంబరులో ఒక శనివారం అస్థికల డబ్బా, ఫ్లాస్కులో టీ పెట్టుకుని బయల్దేరాం.

థార్న్‌ఫ్లీట్‌లో ఒక చర్చి, ఒక పబ్, కరకట్టకి ఇవతల ముప్ఫై నలభై ఇళ్ళు. పబ్‌లో వేయించిన చేపలు తింటూ గార్త్ మా పేరు చెప్పి అడిగాడు. గ్లాసులు తుడుస్తున్నాయన తుడవడం ఆపలేదు, జవాబూ చెప్పలేదు. పక్కబల్లవాళ్ళు లేచి డబ్బులు పెట్టేసి వెళ్ళిపోయారు. ఇక్కడా అంతే, విన్నవాడు విననట్టే పోతాడు అని గార్త్ పళ్ళు నూరాడు. చివరికి ఆ గ్లాసులాయనే, మమ్మల్ని వదిలించుకోవడానికి కాబోలు, చర్చి పక్కింట్లో మిసెస్ పెల్‌ని అడగమన్నాడు.

మిసెస్ థర్జా పెల్ ఆ ఊరి బళ్ళో టీచరుగా చేసి మానేసింది. వంటింట్లో చిన్న ఉల్లిపాయలు వెనిగర్లో ఊరేస్తోంది. ఆ ఘాటుకి మా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. గార్త్ తన పటం బల్లమీద పరిచి, మునిగిపోయిన ఊరు గురించి ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ మూసొచ్చి కూర్చుంది.

"ఊరూ లేదు, మునగనూ లేదు బాబూ. అది పేరు కాదు. కేక."

తర్వాత ఆవిడ చెప్పింది ఇది. ఆ రోజుల్లో జనం ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు కట్ట దాటి బురదలోకి ఆల్చిప్పలు ఏరడానికి పోయేవాళ్ళు. పొగమంచు కమ్మితే ఎటు ఒడ్డో తెలీదు. అప్పుడు కట్టమీద నిలబడి హాలరో అని సాగదీసి పిలిచేవాళ్ళు. ఆ గొంతు పట్టుకుని నడిచొచ్చేవాళ్ళు. ఒకావిడ కొడుకు అలాగే మంచులో తప్పిపోయాడు. పోటొచ్చి బురదంతా మునిగినా ఆవిడ పిలుపు ఆపలేదు. రాత్రంతా, మర్నాడంతా పిలిచింది. ఊళ్ళోవాళ్ళు బతిమాలినా వినలేదు. ఆఖరికి నీళ్ళలోంచి పిల్లాడు నడిచొచ్చాడు. తన కొడుకు కాదు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక ఒక ఆడపిల్ల. పిలిచింది తను, వచ్చారు వాళ్ళు, పొమ్మనలేక ఇంట్లో పెట్టుకుంది. వాళ్ళకి మాటలు రావు, పేర్లు లేవు. పిలిచిన కేకే వాళ్ళ పేరయింది.

"పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పిల్లలు మంచివాళ్ళే, మనలాంటివాళ్ళే. కానీ కట్టమీద ఎవరు ఎవర్ని పిలిచినా, పడుకున్న మంచం మీంచి లేచి బురదలోకి నడిచేవాళ్ళు. తట్టుకోలేక, ఆ కేక వినపడని దేశాలకి పోయారు. అంతకన్నా నాకు తెలీదు."

గార్త్ మొహం ఎర్రబడింది. జీవితమంతా వెతికితే దొరికింది ఈ కట్టుకథా అన్నాడు. ఆవిడకి కోపం రాలేదు. నాన్నగారి అస్థికలు ఇంటికి తీసుకెళ్ళి గులాబీ మొక్క మొదట్లో పొయ్యమని మాత్రం చెప్పింది. వాడు పటం మడిచి, డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. నేను లేవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మంచు పడితే వాణ్ణి సొంత పేరుతో పిలువమ్మాయ్. ఇంకో పేరుతో వద్దు."

*

కట్ట ఎక్కేసరికి ఇంకా వెలుతురు బాగానే ఉంది. అవతల గడ్డి, గడ్డి మధ్య పాములా తిరిగిన పాయలు, ఆ తర్వాత కనుచూపుమేరా బూడిదరంగు బురద. సముద్రం ఎక్కడో సన్నటి గీతలా ఉంది. కుళ్ళిన గుడ్ల వాసన, ఉప్పు వాసన. పొడుగుముక్కు పిట్టలు ఏడ్చినట్టు కూస్తున్నాయి.

గార్త్ దూరంగా ఒక దిబ్బ చూపించి, మునిగిన ఊరి చర్చి పునాది అక్కడే ఉంటుందన్నాడు. పోటొచ్చే వేళయింది వద్దన్నాను. ఇద్దరం కట్టమీదే పోట్లాడుకున్నాం.

"నువ్వు ఒక్కసారన్నా నేను చెప్పింది నమ్మావుటే?" అన్నాడు.

"ఊరు లేదని ఆవిడ చెప్పింది కదా."

"ఊరు లేకపోతే మరి నాన్ననెక్కడ కలపను?"

వాడు గడ్డి దాటి, పాయలు దూకి, బురదలో చిన్న నల్ల చుక్కయ్యాడు. నేను టీ పోసుకున్నాను. కప్పులోంచి తలెత్తేసరికి ఆ చుక్క లేదు. దిబ్బా లేదు. తెల్లటి గోడ ఒకటి నేలబారుగా నావైపు కదిలొస్తోంది. చప్పుడు లేదు. పిట్టలు కూడా ఆగిపోయాయి.

మంచు నన్ను కమ్మేసింది. నా బూట్లు నాకు కనబడలేదు.

"గార్త్" అని పిలిచాను. గట్టిగా, ఇంకా గట్టిగా. దూదిలోకి అరిచినట్టు నా గొంతు నా ముందే పడిపోయింది. జవాబు లేదు. అప్పుడు కింద పాయల్లో గలగలమని మొదలైంది. నీళ్ళు. ముందునుంచి, పక్కలనుంచి, గడ్డి వేళ్ళలోంచి లోపలికి వస్తున్నాయి.

గొంతు పోయేదాకా పిలిచాను. మొదట కోపంతో పిలిచాను. ఎప్పుడూ ఇంతే, ఎవరి మాటా వినడు, అందరూ వాడి వెర్రికి కాపలా కాయాలి అనుకుంటూ. తర్వాత ఏడుస్తూ పిలిచాను. పొట్టి పేరు. అది సాగదు. దూరం పోదు. గార్... అంటుండగానే ఆగిపోతుంది.

నీళ్ళ చప్పుడు కట్ట మొదలుకి చేరింది.

నాకు వేరే దారి తోచలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "హాలరో..." అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా పోయిందో చెప్పలేను. ఇన్నేళ్ళూ ఫోన్లో ఎవరికీ సరిగ్గా వినపడని మాట... అలా సాగుతూ, సాగుతూ, మంచుని చీల్చుకుంటూ పోయింది. అది ఎక్కడ ఆగిందో నాకు వినపడలేదు.

కాసేపటికి, చాలా దూరంనుంచి...

"హాలరో..."

నా ప్రాణం లేచొచ్చింది. "ఇటు, ఇటు రా గార్త్" అని అరిచాను. మళ్ళీ పిలిచాను.

"హాలరో..." ఈసారి ఎడమవైపునుంచి.

వెంటనే కుడివైపునుంచి. ఇంకొకటి, బాగా దగ్గరగా. సన్నటి గొంతు... చిన్నపిల్లదిలా.

నోరు మూసుకున్నాను. రెండు చేతులతో గట్టిగా మూసుకున్నాను. గొంతులు ఆగలేదు. ఒకటి ఆగితే ఒకటి. ముసలివి, పడుచువి. మధ్యలో ఒకటి మాట రానివాడు మాట నేర్చుకుంటున్నట్టు... హా... ల... హాల...

తర్వాత అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

బురదలో అడుగులు. ఒకరివి కాదు. గడ్డి పక్కకి వొంగుతున్న చప్పుడు. తడిబట్టల వాసన... పాతది, ఎంతో కాలం పెట్టెలో మగ్గినది. నా భుజం పక్కనుంచి చల్లగా ఏదో వెళ్ళింది. నేను కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాను.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

"నేనే" అన్నాడు గార్త్.

నడుందాకా తడిసిపోయాడు. డబ్బా ఇంకా చంకలోనే ఉంది, మూత కూడా తియ్యలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. కట్టమీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు.

"ఎందుకు అలా పిలిచావు?" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు గార్త్ అన్న ప్రతిసారీ పలికాను. నీ గొంతు పట్టుకునే నడుస్తున్నాను. దాదాపు వచ్చేశాను."

"నాకు వినపడలేదు. నువ్వు హాలరో అన్నాకే..."

"నేననలేదు." నా చెవి దగ్గర నోరుపెట్టి అన్నాడు. "నువ్వు ఆ మాట అన్నాక నన్ను దాటుకుంటూ పోయారు. రెండువైపులనుంచీ. చాలామంది. అందరూ కట్టవైపే."

కట్టమీద మేమిద్దరమే ఉన్నాం. మంచు విడుతోంది. ఇవతల ఊరి పొలాలు, తారురోడ్డు, మా కారు కనబడుతున్నాయి. ఎక్కడా ఎవరూ లేరు. కట్ట ఇవతలివైపు వాలులో, మేము ఎక్కొచ్చిన పొడి గడ్డి, ఈ చివరనుంచి ఆ చివరిదాకా దువ్వెనతో దువ్వినట్టు ఊరివైపుకి పడుకుని ఉంది.

మిసెస్ పెల్ ఇంటి తలుపు కొట్టాం. లోపల దీపం వెలుగుతోంది, మేము కొట్టగానే ఆరిపోయింది. గార్త్‌కి పొడి బట్టలు కావాలని బతిమాలాను. తలుపు తియ్యలేదు. తలుపుకున్న ఉత్తరాల కన్నంలోంచి ఆవిడ గొంతు మాత్రం వచ్చింది.

"ఏ పేరుతో పిలిచావమ్మాయ్?"

నేను గార్త్‌ని కారువైపు లాక్కుపోయాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

*

మేము క్షేమంగా ఇంటికొచ్చాం. గార్త్‌కి దగ్గు పట్టుకుంది, తగ్గింది. నేను పనికి పోయొస్తున్నాను. నాన్న డబ్బా ఎప్పటిలాగే అరమీద ఉంది. వాడు పటం గోడమీంచి తీసి చుట్టేశాడు. గుండుసూదులు డబ్బాలో పోశాడు. జీవితమంతా వెతికిన సంగతి తెలిసీ ఇంటిల్లిపాదికీ మిగిలింది ఏమీ లేదని మాత్రం అప్పుడప్పుడూ గొణుక్కునేవాడు. భయం కన్నా ఆ ఉక్రోషమే మమ్మల్ని ఎక్కువ తినేసింది.

తర్వాత ఒక గురువారం పొద్దున్న, నేను రొట్టె కాల్చుకుంటుంటే ఫోన్ మోగింది. గరగరమని దూరాభారపు చప్పుడు. ఒక ఆడమనిషి.

"గార్త్ హాలరోగారి ఇల్లేనా? నా పేరు లోర్నా హాలరో. టాస్మానియానుంచి. ఆయన ఉత్తరాలు ఇన్నేళ్ళూ అందుతున్నాయి. కావాలనే జవాబు రాయలేదు, ఏమీ అనుకోవద్దు."

ఆవిడ కోపంగా లేదు. బాగా అలిసిపోయినట్టుంది.

"మీలో ఎవరన్నా పిలిచారా?" అంది.

నేను రొట్టె కింద మంట ఆర్పాను.

"పోయిన వారం మా గొర్రెల దొడ్లో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తడి. మాకిక్కడ వానల్లేవు. మర్నాడు ఇంకా ఇద్దరు. తర్వాత లెక్కపెట్టడం మానేశాం. ఎవరినీ ఏమీ చెయ్యలేదు, లోపలికీ రాలేదు. మన పేరు వెతుక్కుంటూ వచ్చినట్టున్నారు, అందరూ ఒకటే అడిగారు. మమ్మల్ని పిలిచిందెవరు, వచ్చాక ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పలేదేం అని." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "నాకు పసిపిల్లలున్నారండీ. నన్ను క్షమించండి. మీ ఉత్తరం మీద అడ్రసు ఉంది కదా. వాళ్ళకి చదివి వినిపించాను."

"వాళ్ళు... ఇంకా అక్కడే ఉన్నారా?" అన్నాను.

"లేరు. ఇవాళ పొద్దున్నే మీ ఇంటికి బయల్దేరారు. అందరూ నడిచే."

"నడిచా? ఎటు?"

"బీచ్‌వైపు" అంది లోర్నా. "వాళ్ళలో ఉన్న పిల్లల్ని ముందు నడిపించుకుంటూ."