పండుగప్ప తెచ్చిన ఆవిడ

"అసలైన కరుణాకర్ పొద్దున్నే గుంటూరు స్టేషన్లో మనకి దొరికిపోయాడు. వాడి పేరుతో నువ్వు వెళ్తున్నావ్," అన్నాడు చీఫ్. కారు నరసరావుపేటలోకి వచ్చింది.

ఏజెంట్ సత్తార్ బంగారు ఫ్రేమ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. అందులోనే కెమెరా, మైక్, చెవి దగ్గర చిన్న స్పీకర్.

"టార్గెట్ ఇరమ్. ఒకప్పుడు మన ఏజెంట్, ఇప్పుడు విదేశీ ముఠా మనిషి. ఆమె ఫోన్లో ఒక్క బటన్ నొక్కితే కృష్ణ మీది డ్యామ్ గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. కింద ఊళ్లు మిగలవు. మధ్యాహ్నం రెండింటికి ఆ బటన్ నొక్కాల్సింది ముఠా పంపిన కరుణాకర్. వాణ్ణీ నిన్నూ ఆమె ఎన్నడూ చూడలేదు. నమ్మితే ఫోన్ నీకిస్తుంది. అనుమానమొస్తే తనే నొక్కేస్తుంది."

సత్తార్ పుట్టింది పేటలోనే. తండ్రి మెకానిక్. ఆయన పోయాక, అతను ఆపా అని పిలిచే అక్క నజీమా మిర్చి కల్లాల్లో కూలికెళ్లి అతన్ని చదివించింది. ఢిల్లీలో ఆఫీసు ఉద్యోగమని ఆమెతో చెప్పి, ఏడేళ్లుగా ఊరి మొహం చూడలేదతను.

వినుకొండ రోడ్డులో కొత్తగా తెరిచిన చైనీస్ సీఫుడ్ రెస్టారెంట్, రెడ్ లాంటర్న్. అద్దాల తొట్లలో పీతలు పాకుతున్నాయి. నల్లపట్టు చీరలో ఇరమ్ మెరిసిపోతోంది. బొటనవేలు ఫోన్ మీదే ఉంది.

"ఏం తీసుకుంటారు?" అడిగింది, సత్తార్ ఎదురుగా కూర్చోగానే.

"పండుగప్ప. ఆవిరి మీద. అల్లం వద్దు."

కోడ్ కుదిరింది. ఆమె నవ్వింది.

వండేముందు బతికున్న చేపను తెచ్చి చూపించడం అక్కడి పద్ధతి. ప్లాస్టిక్ ఏప్రన్ కట్టుకున్న వంటింటి మనిషి టబ్బు తెచ్చి పెట్టింది.

"ఒరేయ్ సత్తారూ! ఎప్పుడొచ్చావురా?"

నజీమా! తడిచేత్తో అతని భుజం పట్టుకుంది.

ఇరమ్ నవ్వు ఆగిపోయింది. వేలు బటన్ మీదికి జరిగింది. "సత్తారా?"

అతను భుజం విదిలించుకున్నాడు. "ఛీ, కంపు! మేనేజర్! ఇలాంటోళ్లనా టేబుళ్ల దగ్గరికి పంపేది? ఎవతె ఇది?"

హాలంతా ఇటు తిరిగింది. నజీమా చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం అతని కళ్లలోకి చూసింది.

"తప్పయింది సార్. మా తమ్ముడనుకున్నా."

మేనేజర్ ఆమెను రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. టబ్బులో పండుగప్ప కొట్టుకుంటోంది.

"ఇప్పుడు నమ్మకం కుదిరింది," అంటూ ఇరమ్ ఫోన్ అతని ముందుకు తోసింది. "రెండవుతోంది. నొక్కండి."

సత్తార్ ఫోన్ జేబులో వేసుకున్నాడు.

ఆమెకు అర్థమైంది. మెరుపులా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండో ఫోన్ తీసింది. వేలికీ బటన్‌కీ మధ్య వెంట్రుక మందం ఉందనగా సత్తార్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. ఫోన్ సూప్ గిన్నె పక్కన పడింది. వెయిటర్ల వేషంలో ఉన్న ఇద్దరు కమాండోలు ఆమెను పట్టుకున్నారు.

గోడ గడియారం రెండు కొట్టింది.

అతను వంటింటి వెనక గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. నజీమా బురఖా వేసుకుంటోంది.

"ఆపా..."

"పనిలోంచి తీసేశారులే. తప్పు నాదేరా. పెద్దోళ్లతో కూచున్నావు, అట్టా అరవకుండా ఉండాల్సింది. నిన్ను చూడగానే నోరాగలా."

"అది కాదు ఆపా, నేను..." చెప్పడానికి వీల్లేని ఉద్యోగం.

"ఏం చెప్పొద్దులే. కోటు చానా బాగుంది." అతను దగ్గరికి రాబోతే, కోటుకి తన చేతులు తగలకుండా ఓ అడుగు వెనక్కి జరిగింది. షేర్ ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్ సత్తార్! మీ అక్కని అలా ఛీకొట్టి అదరగొట్టావ్. నటించినట్టే లేదు."

సత్తార్ కళ్లద్దాలు తీశాడు.

"నటించలేదు సార్."