కోల్డ్ స్టోరేజీ నడవలో కొమ్ములవాడు

ఆ కోల్డ్ స్టోరేజీ వెనక నడవలోకి పట్టపగలు కూడా ఎవరూ ఒంటరిగా వెళ్లేవారు కాదు.

ఎందుకంటారా? అక్కడి గదుల తలుపులకు గడియ బయటే ఉంటుంది. ఎప్పుడో ఒక హమాలీ లోపల మూటలు సర్దుతూ ఉండిపోయాడట... ఎవరో చూసుకోకుండా గడియ పెట్టేసి ఇంటికి పోయారట. తెల్లారి తలుపు తీస్తే ఇంకేముంది! ఆ తలుపు లోపలివైపు గోళ్ల గీతలు ఇప్పటికీ ఉన్నాయంటారు. నేను చూళ్లేదు. చూసొచ్చానని చెప్పేవాడు మాత్రం వీధికొకడున్నాడు.

తర్వాత ఆ వెనక భాగం మూసేశారు. చలి యంత్రాలు ఆగిపోయాయి. రాగి పైపులు మాత్రం గోడల నిండా అలాగే ఉండిపోయాయి. వాటికే కాపలా.

ఆ కాపలాకు కుదిరాడు మా చిన్నల్లుడు. మా అంటే నాకేమీ అల్లుడు కాదు. మా పక్కింటివాళ్ల రెండో అల్లుడు. పెద్దల్లుడు సైన్యంలో చేసి వచ్చి, అక్కడే గార్డులకు పెద్దగా ఉండేవాడు. తోడల్లుణ్ణి తీసుకెళ్లి ఉద్యోగంలో పెట్టింది కూడా ఆయనే. చిన్నల్లుడికి ఆయనంటే ఎంత గురి అంటే, చెప్పులు ఏ కొట్లో కొనాలో కూడా ఆయన్నే అడిగేవాడు! నవ్వకండి, నిజం.

ఇదంతా చిన్నల్లుడు నాకు స్వయంగా చెప్పిందే. ఒకటీ అరా నేను కలిపానేమో గాని, పెద్దగా ఏం లేదు.

అతను చేరిన కొద్దిరోజులకే పైపులు మాయం కావడం మొదలైంది. అదీ అతని డ్యూటీలోనే! మేనేజరు పిలిచి మొహాన చెప్పేశాడు.

"ఇంకొక్క పైపు పోయిందా, ఆ రాత్రి కాపలా ఉన్నవాడే దొంగ. నాకు వేరే విచారణ అక్కర్లేదు. నేరుగా పోలీసులకు అప్పజెప్తా."

చిన్నల్లుడు తిన్నగా తోడల్లుడి దగ్గరికి పోయాడు. పెద్దల్లుడే భుజం తట్టాడు.

"బెంగపడకు తమ్ముడూ. నీ డ్యూటీ తుపాకీకి లైటు పెట్టిస్తా. చీకట్లో ఏం కనబడుతుంది నీకు?"

మర్నాడే ఒక లైటు తెచ్చాడు. బొటనవేలంత లావు, జానెడు పొడుగు. గార్డుల గదిలో బల్ల మీద గుడ్డ పరిచి, ముందు తుపాకీలో గుళ్లన్నీ తీయించాడు. గొట్టం ఎడమపక్కన పట్టీ వేసి, లైటుని అందులో కూర్చోబెట్టి, చిన్న పానాతో మరలు బిగించాడు. లైటు నుంచి ఒక వైరు, వైరు చివర నొక్కుడు బిళ్ల. ఆ బిళ్లని సరిగ్గా చిన్నల్లుడి ఎడమ బొటనవేలు ఆనేచోట టేపుతో అంటించాడు.

"నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. నువ్వు మాత్రం వదలకు. నడవలో ఉన్నంతసేపూ నొక్కే ఉంచు. వెలుతురుంటే ఏదీ దగ్గరికి రాదు... మనిషైనా, ఇంకోటైనా."

చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లి వేసి చూపించాడు. చివరి చెట్టు దాకా పగల్లా అయిపోయింది! చిన్నల్లుడి మొహం కూడా అలాగే వెలిగిపోయింది.

ఆ రాత్రి నడవ తలుపు తీశాడు.

ఇరుకు నడవ. రెండు పక్కలా సున్నం కొట్టిన తెల్ల గోడలు. బిళ్ల నొక్కాడు...

కుడిపక్క గోడ మీద ఒకడు నిలబడి ఉన్నాడు.

నల్లగా... తాటిచెట్టంత పొడుగు. మొహం లేదు. తల ఉండాల్సినచోట రెండు కొమ్ములు!

చిన్నల్లుడు ఒక అడుగు వేశాడు. వాడూ కదిలాడు. ఆగాడు. వాడూ ఆగాడు. లైటుని వాడి వైపు తిప్పితే — వాడు ఇంకాస్త పక్కకు జరిగాడు. ఎంత తిప్పినా వెలుతురుకి చిక్కడే! లోపలెక్కడో టంగుమని ఇనుము చప్పుడు...

తలుపు మూసి పరుగో పరుగు.

తెల్లారి ఈ సంగతి ఒక్క పెద్దల్లుడికే చెప్పాడు. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టాడు.

"కొమ్ములా? ...ఎవరితోనూ అనకు తమ్ముడూ, నవ్విపోతారు. నువ్వు లోపలికి పోకు. గుమ్మంలో నిలబడి, లైటు వేసి చూసి వచ్చెయ్. మిగతాది నేను చూసుకుంటా."

ఎంత మంచి మనిషి అనుకున్నాడట. పెళ్లానికి కూడా చెప్పాడట, సొంత అన్నకంటే ఎక్కువని!

అలా కొన్ని రాత్రులు గడిచాయి. లోపలికి పోయి పైపులు లెక్కపెట్టినవాళ్లు ఎవరూ లేరు. అయినా, పైపు పోతే పోయేది తన పరువే కదా? ఒక రాత్రి అతనికి తెగింపు వచ్చింది. ఇవాళ చావో రేవో అనుకుని లోపలికి నడిచాడు. కొమ్ములవాడు గోడ మీద పక్కనే వస్తున్నాడు. ఒక గది... రెండో గది... అంతలో వాడు గోడ మలుపులో అమాంతం విరుచుకుని పైకప్పు మీదికి లేచాడు!

చిన్నల్లుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. లైటు వెళ్లి పక్క గది గుమ్మం చట్రానికి గట్టిగా కొట్టుకుంది. పట్టీ ఊడింది. వైరు తెగింది.

చీకటి.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గోడకు అతుక్కుపోయాడు... ఇప్పుడు కొమ్ములవాడు మీద పడతాడు... ఇప్పుడు...

ఏమీ పడలేదు.

ఒక గుసగుస వినిపించింది.

"లైటు ఆరిపోయింది... వాడెక్కడున్నాడో తెలీట్లేదే!"

ఇంకో గొంతు, మెల్లిగా — "ఉష్... పారిపోయుంటాడులే పిరికి సన్నాసి. కొమ్ములు మళ్లీ కనబడి ఉంటాయి."

కిసుక్కున నవ్వు.

కొమ్ముల మాట చిన్నల్లుడు చెప్పింది ఒక్క మనిషికే.

చప్పుడు కాకుండా వంగాడు. నేలంతా తడిమాడు. లైటు దొరికింది. వైరు తెగినా, దాని వెనక దానికే ఒక బొత్తాం ఉంది. తుపాకీ భుజానికి తగిలించుకుని, లైటుని చేత్తో ఎత్తి నొక్కాడు.

గోడ తెల్లగా ఉంది. కొమ్ములవాడు లేడు!

ఎలా ఉంటాడండీ? లైటుని గొట్టం పక్కన బాగా వెనక్కి బిగిస్తే, గొట్టమే వెలుతురుకి అడ్డం. చివర గురి చూసే ముక్కుకి రెండు చెవులుంటాయి, అవే కొమ్ములు. పెరట్లో ఆ నీడ దూరానికి చెదిరిపోయింది. ఇరుకు నడవలో గోడెక్కింది. తుపాకీ ఎటు తిప్పితే నీడా అటే! లైటుని కాస్త ముందుకు జరిపితే సరిపోయేది. బతుకంతా తుపాకీ మోసిన మనిషికి ఆమాత్రం తెలీదా? తెలుసు. నొక్కే ఉంచమన్నది ఎందుకో కూడా తెలుసు. వెలుగుతున్న లైటు కంటే కాపలావాడి జాడ చెప్పేదేముంది, లోపల దొంగకి?

నీడ లేనిచోట, రాగి పైపులు భుజాన వేసుకుని పెద్దల్లుడు నిలబడి ఉన్నాడు. రెండోవాడు నడవ చివరి కిటికీలోంచి అప్పటికే దూకేశాడు.

"తమ్ముడూ... ఆ లైటు ఆపు."

ఆపలేదు.

"దెయ్యమని చెప్పరా. ఈ నడవ గురించి ఏం చెప్పినా జనం నమ్ముతారు."

"మేనేజరు నమ్మడు కదా అన్నయ్యా." లైటు ఇంకాస్త ఎత్తాడు. "పోలీసులు నన్నే కదా తీసుకెళ్లేది? మీకు తెలుసు కదా?"

పెద్దల్లుడు పైపులు కిందికి దించాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా, ఇంటి విషయం మాట్లాడుతున్నట్టే అన్నాడట —

"నాకు పిల్లలున్నారు తమ్ముడూ. నీకింకా లేరు కదా... ఏడాదో రెండేళ్లో లోపలుండి వచ్చినా..."

అంటే అంతా ముందే ఆలోచించి పెట్టుకున్నాడన్నమాట!

కొమ్ములవాణ్ణి చూస్తే పరిగెత్తిన కాళ్లు, ఆ మాట వింటే కదల్లేదట. మెడలో ఉన్న ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఊదితే వట్టి గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు... మళ్లీ గాలే.

ఆ తర్వాత ఊదిన ఈల గేటు దగ్గరి గార్డుల దాకా వినబడింది.