మొదటి ‘చాలు’

కిటికీ ఊచకి కట్టిన రబ్బరు పట్టీని హైమ రెండు చేతులతో గుండెల దాకా లాగి వదులుతోంది. నుదుటి మీంచి చెమట కారి చాప మీద పడుతోంది. భుజాలు వణుకుతున్నాయి, ఊపిరి ఎగసిపడుతోంది. హైమకి మాత్రం ఏమీ తెలియడం లేదు. పక్కింటావిడ చేస్తున్న పనిని గోడ మీంచి చూస్తున్నట్టు తన చేతుల్ని తనే చూసుకుంటోంది. టైమరు మోగగానే పట్టీ వదిలేసి, నీళ్ళు నింపిన రెండు సీసాలు పట్టుకుని కుర్చీలో కూర్చోవడం, లేవడం మొదలుపెట్టింది.

ఇదంతా మెడ వెనక అంటించుకున్న రూపాయి బిళ్ళంత యంత్రం మహిమ. దాని పేరు ఉపశమ. ఇంట్లోనే కసరత్తు చేసి కొవ్వు కరిగించుకుందామనుకునేవాళ్ళు రెండు చోట్ల బోల్తా పడతారు. ఒళ్ళు నొప్పులు పుట్టగానే కొందరు మానేస్తారు. మానని వాళ్ళకి ఆకలి రెట్టింపై, పొద్దున్న కరిగించిందంతా మధ్యాహ్నానికి మళ్ళీ తినేస్తారు. నొప్పయినా ఆకలైనా నరాల మీదుగా మెదడుకి కబురు అందితేనే కదా మనకి తెలిసేది. ఉపశమ చిన్న చిన్న కరెంటు పల్సులతో ఆ కబుర్లని మెడ దగ్గరే ఆపేస్తుంది. ఒళ్ళు తన పాట్లు తను పడుతూనే ఉంటుంది, గోల మాత్రం పైకి వినిపించదు. ఇక జిమ్ములెందుకు, ట్రెడ్‌మిల్లులెందుకు? ఒక చాప, ఒక తాడు, ఒక రబ్బరు పట్టీ ఉంటే ఇల్లే వ్యాయామశాల.

ఉపశమ వచ్చాక కాకినాడ రూపమే మారిపోయింది. కాజా కొట్లలో సగం ఇప్పుడు చాపలూ స్కిప్పింగ్ తాళ్ళూ అమ్ముకుంటున్నాయి. జనమంతా సన్నబడ్డారు. దానితో పాటు ఇంకో మార్పు కూడా వచ్చింది గానీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వీధిలో ఎదురైన మనిషిని “భోజనం అయ్యిందా అండీ?” అని పలకరించడం మానేశారు. ఆకలి లేని ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరికి గుర్తుంటుంది?

ఒకప్పుడు హైమ వడ్డనంటే చుట్టాలకి హడలు. విస్తరికి చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే రకం. ఆ విద్య నేర్పింది అత్తగారు మాణిక్యమ్మే. కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది. మొదటిసారి చాలంటే అది మర్యాద కోసం. రెండోసారి అంటే మొహమాటం కొద్దీ. మూడోసారి అన్నప్పుడే కడుపు నిండినట్టు. ఆ మూడోది వినేదాకా గరిటె దించకూడదు. హైమకి అది లెక్క పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. తనకి ఆకలేస్తే ఎదుటివాళ్ళ ఆకలి తెలిసిపోయేది.

తర్వాత ఒళ్ళు పెరిగింది, మోకాళ్ళు అరిగాయి, షుగరొచ్చింది. తన తల్లి గుండెపోటుతో పోయింది కాబట్టి హైమకి భయం పట్టుకుంది. భర్త వీరేంద్రా తనూ ఒకే రోజు ఉపశమ పెట్టించుకున్నారు. డెబ్బై దాటినవాళ్ళకి పెట్టరు కనక మాణిక్యమ్మని వదిలేశారు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో పొయ్యి గుర్తొచ్చినప్పుడే వెలుగుతోంది. కంచంలో ఏ కాస్త పెట్టినా హైమ కళ్ళకి అది కొండలా కనిపిస్తుంది. మాణిక్యమ్మ “చాలమ్మా” అనగానే గరిటె ఆగిపోతుంది. చాలంటే చాలనే కదా.

ఆ రోజు మధ్యాహ్నం ఉపశమని కనిపెట్టిన డాక్టర్ ఇందీవర స్వయంగా వచ్చింది. ఎంచుకున్న కొన్ని ఇళ్ళకి ఆవిడే వెళ్ళి బరువులు చూస్తుంది. హైమ చక్కగా తగ్గిందనీ, ఇక గుండెకి భయం లేదనీ చెప్పింది. మొదటి రోజు రాసుకున్న అంకెతో బిళ్ళ లేనివాళ్ళ బరువు కూడా పోల్చుకోవాలని మాణిక్యమ్మని మెల్లగా మిషను ఎక్కించింది. అంకె చూసి, దించి, మళ్ళీ ఎక్కించింది. కోడలి కన్నా అత్తగారే ఎక్కువ తగ్గింది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

“ఈవిడ కసరత్తు చేస్తారా?” అని అడిగింది డాక్టరు.

“లేదండీ. దేవుడి గది నుంచి హాల్లోకీ, హాల్లోంచి మంచం మీదకీ, అంతే.”

“మరి తిండి?”

“కావలసినంత పెడుతున్నానండీ. చాలంటే ఆపేస్తాను.”

డాక్టరు మాణిక్యమ్మ వైపు తిరిగింది. “ఆకలేస్తోందా అమ్మా?”

“అబ్బే, లేదండీ. పాపం నించునే ఉన్నారు, కూర్చోండి” అంది మాణిక్యమ్మ.

డాక్టరు ఆ మాట నమ్మింది. నమ్మడమే కాదు, ఇది కొత్త సంగతని సంబరపడింది కూడా. ఇంట్లో ఇద్దరికి ఆకలి తగ్గితే బిళ్ళ లేకుండానే మూడో మనిషికీ తగ్గుతుందన్నమాట అంది. హైమ సరేనని తలూపి, చాలా రోజులుగా అడుగుదామనుకున్నది అడిగింది. ఈమధ్య పిన్ని పోయినప్పుడు తనకి ఏడుపు రాలేదు, అది కూడా ఈ బిళ్ళ వల్లేనా అని.

“దుఃఖం వెళ్ళేదీ ఆ దారినేనమ్మా” అంది డాక్టరు నిదానంగా. “గుండె బరువెక్కడం, కడుపు తరుక్కుపోవడం, అన్నీ ఒళ్ళు పంపే కబుర్లే. ఆకలిని ఆపి వాటిని వదిలే ఉపాయం ఇంకా దొరకలేదు. బిళ్ళ తీసేస్తే కొన్నాళ్ళకి అన్నీ వాటంతటవే తిరిగొస్తాయి.”

“మీరూ పెట్టుకున్నారాండీ?”

డాక్టరు జడ పక్కకి జరిపి మెడ చూపించింది. హాయిగా ఉందంది. సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయింది.

వీధి తలుపు వేసి వచ్చేసరికి మాణిక్యమ్మ గోడ పట్టుకుని నించుని ఉంది. “ఎండలో వచ్చిన మనిషిని ఒట్టినే పంపేశాం. కాస్త ఏదైనా పెట్టాల్సిందమ్మా” అంది.

హైమ అక్కడే ఆగిపోయింది. మూడు చాలుల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బడిలో చదివిన పాఠం గుర్తొచ్చినట్టు వచ్చింది, అంతే. వంటింట్లోకి వెళ్ళి అన్నం వండింది, పప్పులో తాలింపు పెట్టింది. అత్తగారిని పీట మీద కూర్చోబెట్టి వడ్డించింది.

“చాలమ్మా” అంది మాణిక్యమ్మ.

హైమ ఇంకో గరిటె వేసింది.

“చాలు, చాలు.”

ఇంకోటి వేసింది. మూడో చాలు రాలేదు. వంచిన తల ఎత్తకుండా మాణిక్యమ్మ తింటోంది. గబగబా తింటోంది. జీవితంలో ఎన్నడూ అలా తిని ఎరగదు. అడిగి తినడం ముష్టెత్తుకోవడంతో సమానం ఆవిడ దృష్టిలో. కోడలి వంటింట్లో గిన్నె మూతలు తీసి చూడటం అంతకన్నా చిన్నతనం.

“ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యగారూ?”

“నువ్వు రెండోసారి అడగటం మానేసిన కాణ్ణించీ” అంది మాణిక్యమ్మ, కంచంలోకే చూస్తూ. “పోన్లే, నీ ఒళ్ళు బాగుపడుతోంది కదాని ఊరుకున్నాను.”

ఇప్పుడు తను ఏడవాలని హైమకి తెలుసు. ఈ మాటకి ఏ రాయైనా ఏడుస్తుందని తెలుసు. ఏడుపు రాలేదు. చెయ్యి వెనక్కి పెట్టి బిళ్ళ పీకి గట్టు మీద పడేసింది. చర్మం ఊడి వచ్చినా మంట పుట్టలేదు. ఏదో ఒకటి తెలుస్తుందేమోనని కాసేపు నించుంది. ఏమీ తెలియలేదు.

మాణిక్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కోడలి ముఖంలోకి చూసింది. “నువ్వు తిన్నావా?”

ఆ ప్రశ్న విని ఎన్నాళ్ళయిందో. హైమ ఆలోచించింది. పొద్దున్న తిన్నదా, నిన్న తిన్నదా, ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. “ఏమోనండీ” అంది.

మాణిక్యమ్మ మెల్లగా వంగి, తన కంచం తీసి, కోడల్ని అదే పీట మీద కూర్చోబెట్టింది. వేరే కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, పైన నెయ్యి వేసింది. హైమ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మట్టి తిన్నా అలాగే ఉంటుంది.

“చాలండీ అత్తయ్యగారూ” అంది. నిజంగానే చాలు.

మాణిక్యమ్మ ఇంకో గరిటె వేసింది.