లోపల ఎవరూ లేరు

శనివారం సాయంత్రం ఆరింటికి హాలో క్రీక్ కారు పందేల ట్రాకులో వేయించిన బొలోనా మాంసం వాసన, కాలిన రబ్బరు వాసన కలిసి వస్తాయి. ఆ రెండూ కలిస్తే తప్ప నాకు ఆకలి వెయ్యదు. పాతికేళ్ళ అలవాటు. ఆ రోజూ రొట్టె మధ్య బొలోనా పెట్టించుకుని, తింటూనే ఇనుప మెట్లెక్కి గ్యాలరీ పైకప్పు మీదికి చేరాను. అక్కడే మా చోటు. కారుకి ఒకరు చొప్పున ఇరవై ఆరుగురం పిట్టగోడని ఆనుకుని వరుసగా నిలబడతాం. కోడిగుడ్డులా ఉన్న ఆ అర మైలు బాట మొత్తం మాకు కింద కనిపిస్తుంటుంది.

మమ్మల్ని స్పాటర్లంటారు. కారు తోలేవాడికి తల తిప్పే వీలుండదు. హెల్మెట్టు ఒకటి, చెవుల దాకా లేచిన సీటు రెక్కలు ఒకటి. ముందున్నది తప్ప వాడికేమీ కనపడదు. పక్కన ఎవడున్నాడో రేడియోలో మేం చెప్పాలి. "లోపల" అంటే ఎడమ పక్కన, ట్రాకు లోపలి వాలు వైపు కారుంది, కిందికి దిగొద్దని. "బయట" అంటే కుడి పక్కనుందని. "ఖాళీ" అంటే ఎవరూ లేరు, దిగమని. అంత వేగంలో వాడు ఆ ఒక్క మాట నమ్మి చక్రం తిప్పేస్తాడు. కట్టుకున్న పెళ్ళాన్నయినా అనుమానిస్తాడు గానీ స్పాటర్ని అనుమానించడు.

ఆ రోజు పదహారో నంబరు కారు తోలుతున్నది నా కొడుకు టకర్. ఇరవై మూడేళ్ళవాడు. వాడి కళ్ళు నేనే.

"ఏం పెద్దాయనా, కొడుకు గెలిస్తే మాకు విందేనా?" అన్నాడు నా పక్కనున్న ఆర్లిస్. ముప్పై ఒకటో నంబరు ఎర్ర కారుకి అతను స్పాటర్.

"నీ కారు సాయంత్రమంతా మావాడి పొగ పీలుస్తూ వస్తుంది. ఆ విందు చాల్లే నీకు."

ఆర్లిస్ నవ్వాడు. నవ్వుతూనే నాలుగో మలుపు వైపు చూసి ఆపేశాడు. అక్కడ గోడకి ఎన్నిసార్లు సున్నం వేసినా ఒక చోట బూడిదరంగు పైకి తేలుతూనే ఉంటుంది. రాయిస్ లాంబెత్ పోయింది అక్కడే.

రెండేళ్ళ కిందట పదహారో నంబరు తోలింది రాయిస్. అతనికీ తొమ్మిదేళ్ళు నేనే స్పాటర్ని. ఇంకో మూడు చుట్లున్నాయనగా నాలుగో మలుపులో నేను "ఖాళీ" అన్నాను. అతను దిగాడు. అక్కడ కారుంది. రెండూ తగులుకుని అతని కారు గిర్రున తిరిగింది. అతను కూర్చున్న పక్కే గోడకి కొట్టుకుంది.

ఎండ కళ్ళలో పడిందని విచారణలో చెప్పాను. మా పైకప్పు మీద నిలబడేవాళ్ళందరికీ తెలుసు, సాయంత్రం ఎండ పడేది మా వీపుల మీద. అయినా ఒక్కడూ నోరు మెదపలేదు. జీవితంలో ఒక్కసారైనా తప్పు చెప్పని స్పాటర్ ఉండడు. రేపు తన వంతు రావచ్చని ప్రతివాడికీ భయం. అందుకే ఒకడి తప్పు ఇంకొకడు కప్పుతాడు.

వాళ్ళకి తెలియంది ఒకటుంది. నేను పొరబడలేదు. ఆ కారు నాకు కనపడింది. చూస్తూనే ఖాళీ అన్నాను. రాయిస్ నలభై రెండేళ్ళొచ్చినా సీటు వదిలేలా లేడు. నా కొడుకేమో మట్టి ట్రాకుల మీద దుమ్ము తింటూ మగ్గిపోతున్నాడు. కారు ఇంకోసారి నుజ్జయితే యజమాని విసిగిపోయి రాయిస్‌ని దింపేస్తాడు కదా అనుకున్నాను. చావు కోరలేదు. ఆ మాట నాకు నేను చెప్పుకోని రోజు లేదు. అతన్ని పాతిపెట్టిన పదో రోజున ఆ సీటు టకర్‌కి వచ్చింది. చర్చిలో రాయిస్ భార్య నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కుమిలిపోకు వెండెల్, నిన్ను సొంత అన్నలా చూసుకున్నాడు" అంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ నాది కానట్టే ఉంటుంది.

మొత్తం మూడు వందల చుట్లు. పచ్చజెండా ఊపారు. పైకప్పు రేకులు అదిరాయి. చుట్టుకి పద్దెనిమిది సెకన్లు. ఒకసారి మొదలయ్యాక ఊపిరి తీసుకోవడానికి కూడా చోటు వెతుక్కోవాలి. లోపల, లోపల, ఖాళీ. బయట, ఖాళీ. నోటి పని నోరు చేసుకుపోతోంది. టకర్ పదకొండో స్థానం నుంచి ఏడుకొచ్చాడు.

అరవయ్యో చుట్టులో అనుకుంటా. దాహమేసి రేడియో మీట వదిలాను. నీళ్ళ సీసా నోటి దగ్గర పెట్టుకున్నాను.

"సరే నాన్నా, దిగుతున్నా" అన్నాడు టకర్ నా చెవిలో.

నేనేమీ అనలేదు. నా నోట్లో నీళ్ళున్నాయి. పదహారో నంబరు కారు కిందికి దిగింది, వెంట్రుకవాసి ఖాళీలోంచి దూరి ఆరో స్థానంలోకి వెళ్ళిపోయింది.

మీట నొక్కి అడిగాను. "టకర్, ఎవరు చెప్పారు నీకు?"

వాడు తర్వాతి మలుపులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి, "బయటున్నాడా? సరే నాన్నా."

అదీ నేను చెప్పలేదు. కానీ బయట నిజంగానే కారుంది. బ్యాటరీ మార్చాను. తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాను. "లోపల! లోపల!" అని గొంతు చించుకున్నాను, ఎవరూ లేకపోయినా, వాడు ఉలిక్కిపడతాడేమోనని. వాడు ఉలిక్కిపడలేదు. నాలుగో స్థానంలోకి వెళ్ళాడు. మూడు. రెండు. కార్లకి రిపేర్లు చేసే పిట్‌లోంచి మా మెకానిక్కుల పెద్ద గెయిథర్ గొంతు రేడియోలో పలికింది.

"ఏంటయ్యా వెండెల్, ఇవాళ దివ్యదృష్టి వచ్చిందా నీకు? పుట్టాక ఇంత బాగా చెప్పలేదు నువ్వు. కానివ్వు, కానివ్వు."

నా గొంతు గెయిథర్‌కీ వినిపిస్తోంది. నాకే వినిపించట్లేదు.

ప్రతి స్పాటర్ దగ్గరా రెండో రేడియో ఒకటుంటుంది, అవతలివాళ్ళ మాటలు దొంగచాటుగా వినడానికి. ఆర్లిస్‌ది అడిగి తీసుకున్నాను. మా మాటలు వచ్చే చోటికి తిప్పి చెవికి ఆనించుకున్నాను.

"లోపల... లోపల... ఇంకా ఉన్నాడు... ఖాళీ."

నా గొంతే. నా నిదానం, మాట చివర నేను చేసే చిన్న సాగదీత, అన్నీ నావే. తేడా ఒక్కటే. ఆ గొంతు వెనకాల ఇంజను మోగుతోంది. పైకప్పు మీంచి వినపడే మోత కాదు. కారు లోపల కూర్చున్నవాడి పళ్ళు అదిరేంత దగ్గరి మోత. దాంతోపాటు వేడి నూనె వాసన వచ్చింది. రేడియోలోంచి వాసన రావడం నేనెక్కడా వినలేదు. ఆ ఇనుప జాలీలోంచే వచ్చింది.

ఆర్లిస్ నా మొహం చూశాడు. తర్వాత నా పెదాలు చూశాడు. అవి మూసుకుని ఉన్నాయి. నా చేతిలోని రేడియోలో నా గొంతు మాట్లాడుతూనే ఉంది. అతను ఒక అడుగు పక్కకి జరిగాడు. ఇంకో అడుగు జరిగాడు. రేడియో వెనక్కి అడగలేదు.

ఎండ కొండల వెనక్కి పోయింది. ట్రాకు దీపాలు వెలిగాయి. రెండు వందల అరవయ్యో చుట్టులో టకర్ మొదటి స్థానంలోకి వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. నా కొడుకు జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ తోలలేదు. వాణ్ని అంత ఎత్తుకి తీసుకెళ్తున్నవాడెవడో, ఎందుకు తీసుకెళ్తున్నాడో నాకు అర్థమైంది.

మాటల మధ్య ఆ గొంతు తగ్గింది. గుసగుసగా, నాతోనే...

"ఎండ కళ్ళలో పడుతోందా వెండెల్?"

పిట్టగోడ పట్టుకున్నాను.

"రాయిస్" అన్నాను. "మావాడేం చేశాడు? వాడికేమీ తెలీదు. నన్ను చూడు. నన్ను..."

"లోపల... లోపల... ఖాళీ" అంది నా గొంతు, నా కొడుకుతో.

ఇంకా పది చుట్లు. మెట్లు దిగి ఎంత పరిగెత్తినా పిట్‌కి చేరేసరికి పోటీ అయిపోతుంది. ఆరు చుట్లు. ఎర్ర కారు వెనకనుంచి తరుముకొచ్చింది. నాలుగు. మూడో మలుపులో దాని ముక్కు టకర్ ఎడమ తలుపు పక్కకి దూరింది. ఇద్దరూ పక్కపక్కనే గీత దాటారు.

మూడు.

ఆ గొంతు ఆగిపోయింది.

"నాన్నా?" అన్నాడు టకర్. "లోపల ఉన్నాడా?"

మీట నొక్కి అరిచాను. ఉన్నాడు, దిగకు, ఉన్నాడు, దిగకు...

"నాన్నా, ఏమైంది? ఉన్నాడా, లేడా?"

ఒకటో మలుపు దాటింది. రెండు దాటింది. చెవిలో ఇంజను మోత ఒక్కటే ఉంది. దాని అడుగున ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నారు. ఎదురుచూస్తున్నారు...

"చెప్పు" అంది ఆ గొంతు. "అందరూ వింటున్నారు."

నిజమే. మా దగ్గర పోటీ చూడ్డానికొచ్చేవాళ్ళలో సగంమంది చెవులకి రేడియోలు తగిలించుకునే వస్తారు. డ్రైవరు, స్పాటరు తిట్టుకునేది వినడం వాళ్ళకి సగం సరదా. ఆ రోజు నాలుగు వేల మంది. వాళ్ళలో రాయిస్ భార్య ఉంది, ఎప్పటిలాగే రెండో మలుపు దగ్గర, మూడో వరుసలో.

చెప్పాను.

"ఆ రోజు నా కళ్ళలో ఎండ పడలేదు. కారు కనపడింది. చూసే ఖాళీ అన్నాను. మా అబ్బాయికి ఆ సీటు కావాలని అన్నాను. రాయిస్‌ని చంపింది నేనే."

ఒక్క గుక్కలో చెప్పాను. గొంతు పగిలిపోయింది. మీట మీద నా బొటనవేలు తెల్లబడిపోయింది.

నాలుగో మలుపు వచ్చేసింది. టకర్ కారు ముక్కు కిందికి వాలడం చూశాను.

"లోపల ఉన్నాడు" అంది నా గొంతు, ఎంతో తాపీగా. "పైనే ఉండరా నాన్నా."

కారు నిలదొక్కుకుంది. పైనే ఉంది. ఆఖరి చుట్టులో ఎర్ర కారు జారింది, టకర్ గెలిచాడు. గళ్ళజెండా ఊపారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కిందికి చూశాను. ట్రాకు వైపు ఒక్క మొహం లేదు. నాలుగు వేల మొహాలూ పైకప్పు వైపు తిరిగి ఉన్నాయి.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పోలీసులు వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ రమ్మన్నారు. ట్రాకులవాళ్ళు నన్ను ఇంక ఏ పైకప్పూ ఎక్కనివ్వం అన్నారు. రాయిస్ భార్య మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి వెళ్ళింది. పడాల్సినవే, పడ్డాను. కొడుకు దక్కాడు కదా.

కానీ ఆ పోటీ రాత్రే ఒకటి తెలిసింది. నేను మాట్లాడుతుంటే టకర్ నా మొహంలోకి విచిత్రంగా చూశాడు.

"ఏంటి నాన్నా, ఊరికే పెదాలు ఆడిస్తున్నావు? గొంతు పోయిందా?"

డాక్టరు వాడి చెవులు రెండుసార్లు పరీక్షించాడు. ఏ లోపమూ లేదు. గెయిథర్ మాట వినపడుతుంది, కుక్క మొరిగినా వినపడుతుంది, పక్క గదిలో గడియారం కొట్టుకోవడం వినపడుతుంది. నా గొంతు ఒక్కటి వినపడదు. రోజులు గడిచినా తేడా లేదు. కాగితం మీద రాసిచ్చాను, నేను చేసింది మొత్తం, ఆ రోజు రేడియోలో మాట్లాడింది నేను కాదన్న సంగతితో సహా. వాడు చదివి మడతపెట్టి నవ్వేశాడు.

"పొద్దున వేరేగా చెప్పావుగా. ఆ రోజు నా మీద బెంగతో నోటికొచ్చింది అనేశానని. రాతకొక మాట, నోటికొక మాటా?"

పొద్దున నేను వాడితో మాట్లాడలేదు. వాడి గదిలోకే వెళ్ళలేదు.

నిన్న శనివారం. కొండల అవతల ఇంకో ట్రాకు, ఇంకో పోటీ. మానెయ్యమని రాసిన కాగితాలన్నీ వాడి జేబులోనే ఉన్నాయి. కొత్త స్పాటర్ని పెట్టారు. నేను టిక్కెట్టు కొనుక్కుని పిట్ కంచె దగ్గర నిలబడ్డాను. గెయిథర్ నా వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. టకర్ కిటికీలోంచి కారులోకి దూరి కూర్చున్నాడు. కుర్రాళ్ళు వాడి భుజాల మీది బెల్టులు లాగి బిగించారు. ఆ బిగింపు మీదే వాడి ప్రాణం ఉంటుంది. వాళ్ళు కిటికీకి వల కట్టేసి వెళ్ళిపోయారు. అప్పుడు వాడు చెయ్యెత్తి, రెండు బెల్టులనీ నాలుగు వేళ్ళు దూరేంత వదులు చేసుకున్నాడు.

కంచె మీద చేతులతో కొట్టాను. "బెల్టు! గెయిథర్, వాడి బెల్టు చూడు!" ఇంజన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఎవరూ ఇటు తిరగలేదు, టకర్ తప్ప. వల వెనకనుంచి నా పెదాల వైపు చూసి, తల ఊపి, బొటనవేలు పైకెత్తాడు.

"చేశాను నాన్నా" అన్నాడు. వాడి పెదాల కదలికలో చదివాను. "నువ్వు చెప్పినంత వదులే."