రెండు మెట్లు దిగండి

వర్షం పడే సూచనలేమీ లేవని పొద్దున్న రేడియో చెప్పింది. ఆ మాట నమ్మి గొడుగు ఇంట్లో వదిలి వచ్చిన పళ్ళ డాక్టరు, మధ్యాహ్నం క్లినిక్ నుంచి మ్యూజిక్ స్కూలుకి వెళ్ళేలోపే తడిసి ముద్దయింది.

చెప్పుల షాపు పై అంతస్తులో ఉంటుంది ఆ స్కూలు. వరండాలో నిలబడి జుట్టు పిండుకుంటూ, ఎదురొచ్చిన టీచరమ్మతో మొదలెట్టింది.

"టీచర్, రేడియోలో వాతావరణం చదివే ఆ పెద్దమనిషి ఎప్పుడైనా నాకు దొరకాలి. మత్తివ్వకుండా పన్ను పీకుతాను. ఒకటి కాదు, రెండు. రెండూ దవడపళ్ళే."

కిటికీ దగ్గర గొడుగు దులుపుకుంటున్న ఒకాయన చటుక్కున నోరు మూసుకున్నాడు.

"ఆయన్ని చూడండి, చక్కగా గొడుగు తెచ్చుకున్నాడు. రేడియోని నమ్మలేదన్నమాట. తెలివైనవాడు" అంది డాక్టరు.

ఆ తెలివైనవాడు తల వంచుకుని పక్క గదిలోకి జారుకున్నాడు. టీచరమ్మకి ఎందుకో దగ్గొచ్చింది.

ఆ స్కూల్లో మధ్యాహ్నం పూట నడిచేది పిల్లల క్లాసు కాదు. చిన్నప్పుడు పియానో నేర్చుకుని, ఏదో ఒక కారణంతో ఆపేసి, పెద్దయ్యాక మళ్ళీ చెయ్యి పెడదామని వచ్చేవాళ్ళది. దానికి టీచరమ్మ పెట్టుకున్న పేరు 'వదిలేసినవాళ్ళ క్లాసు'. పరీక్షలుండవు. స్టేజీ ఉండదు. ఎందుకు వదిలేశావని ఎవరూ ఎవర్నీ అడగరు.

డాక్టరు చేరి రెండు నెలలైంది. మొదటి రోజు పియానో మూత తెరిచి, ఏమీ గుర్తులేదే అనుకుంటూ చేతులు ఊరికే ఆ తెల్లటి వరస మీద పెట్టింది. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. ఆమె చూస్తూనే ఉంది. తనకు తెలియనిదేదో తన చేతులకు తెలుసు. ఇన్నేళ్ళూ పళ్ళు తీసి, పళ్ళు కట్టి, బిల్లులు రాసి, గిన్నెలు తోమిన ఈ చేతులే, తనకు చెప్పకుండా ఆ పాటను ఎక్కడో దాచుకున్నాయి. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది.

అయితే ఒక్కటి. గదిలో ఎవరూ ఉండకూడదు. టీచరమ్మ కూడా పాఠం చెప్పేసి బయటికి వెళ్ళాల్సిందే. ఎవరైనా వింటున్నారంటే చాలు, డాక్టరు వేళ్ళు కొయ్యబారిపోతాయి.

ఆ రోజు తడి బట్టలతోనే కూర్చుని, తను చేరిన రోజు టీచరమ్మ ఇచ్చిన పాట మొదలెట్టింది. బాగానే పోతోంది కానీ, మూడో వరసకి వచ్చేసరికి ఎప్పట్లాగే కుంటింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ కుంటింది.

"రెండు మెట్లు దిగండి" అంది గోడ.

డాక్టరు ఉలిక్కిపడింది. ఆ గొంతు తెలుసు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వినే గొంతు. ఆకాశం నిర్మలంగా ఉంటుందని, గాలులు నెమ్మదిగా వీస్తాయని, చల్లగా అబద్ధాలు చెప్పే గొంతు.

"దిగాలా? నేనా?" ఆమెకి ఒళ్ళు మండింది. "ఊరందర్నీ తడిపిందీ మీరే, దిగమనేదీ మీరేనా? నాకేమండీ బెట్టు? ఆకాశంలో ఉండేది మీరు. ముందు మీరు దిగండి!"

గోడ అవతల ఒక స్వరం మోగింది. దాని కింద ఇంకోటి. దాని కింద మరోటి.

"దిగానండీ. ఇంకా దిగాలా?"

తలుపు దగ్గర టీచరమ్మ పడీ పడీ నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నీ బెట్టు సంగతి కాదే అమ్మాయ్! నేను హార్మోనియంతో మొదలెట్టినదాన్ని. కీలని మెట్లనడం నాకు అలవాటు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ అదే అంటుకుంది. మూడో వరసలో నీ వేలు రెండు కీలు పైన పడుతోంది. కిందికి రమ్మన్నాడు, అంతే."

డాక్టరు నమ్మకం లేకుండానే వేలు రెండు కీలు కిందికి జరిపి నొక్కింది.

చెప్పులో రాయి తీసేసినట్టయింది. ఇన్నాళ్ళూ కుంటిన పాట తిన్నగా నిలబడి నడిచింది. ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఒకే ఒక్క వేలు. ఇంత తేడా!

ఆ సంతోషం ఎంతోసేపు లేదు.

"అంటే, నేను వాయించేది అటు వినిపిస్తోందా?"

"ప్లైవుడ్ గోడ కదండీ" అన్నాడు వాతావరణం గారు, గుమ్మంలోకి వచ్చి. దవడ మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు, ముందు జాగ్రత్తగా.

"ఎప్పట్నుంచి వింటున్నారు?"

"మీరు చేరిన రోజు నుంచీ. అసలు మీ గదిలో పాట కోసమే నేను రోజూ వస్తున్నానండీ. అది సగం పాట. ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని వాయించాలి. మీది పై సగం. చిన్నప్పుడు మా అక్కా నేనూ వాయించేవాళ్ళం. పెద్దదాన్నని పై సగం ఎప్పుడూ తనే తీసుకునేది. అందుకే నాకొచ్చినవన్నీ కింది సగాలే. ఒక్క పాట కూడా పూర్తిగా రాదు."

"మీ అక్కనే అడగొచ్చుగా?"

"అడిగాను. పిల్లలతో నేనే సగం అయ్యాను, పై సగం ఎక్కడ గుర్తుంటుందిరా అంది."

ఇంకోసారైతే డాక్టరు నవ్వేదే. ఇప్పుడు ఆమె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది.

"బాగుంది. నాకు సగం పాటిచ్చి, గోడకి చెవులిచ్చి, అందరూ కలిసి వినోదం చూస్తున్నారు."

పియానో మూత వేసి, బ్యాగు భుజానికి తగిలించుకుని, వర్షంలోకి వెళ్ళిపోయింది.

*

నాలుగు రోజుల తర్వాత ఆయన క్లినిక్‌కి వచ్చాడు. ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది.

ముందు టేబుల్ దగ్గర డాక్టరు వదిన కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడం పేరుకి మాత్రమే. వాటిని రాబట్టడం ఆమెకి సరదా.

"ఏం చేస్తుంటారు?"

"వాతావరణం."

"అదేం పని?"

"తిట్లు తినే పనండీ."

వదిన గొంతు గుర్తుపట్టి కుర్చీలోంచి లేచింది. "మొన్న నేను బట్టలారేసిన రోజు ఎండ కాస్తుందని చెప్పింది మీరేనా? లోపలికి వెళ్ళండి. మా ఆడపడుచు మీకోసం ఎదురుచూస్తోంది."

డాక్టరు ఆయన్ని కుర్చీలో వాలుగా పడుకోబెట్టింది.

"నిజంగానే నొప్పా, రాయబారమా?"

"నిజమేనండీ. మీరు శపించిన దవడపన్నే."

"మత్తిస్తాను లెండి. అంత రాక్షసిని కాను."

ఇంజెక్షన్ ఇచ్చి, నోట్లో దూది కుక్కి, లైటు దించింది. పుచ్చు గీకడం మొదలెట్టింది. తర్వాత, ఎందుకో ఆమెకే తెలియదు, నోరు కదపలేని ఆ మనిషి ముందు మాట దానంతట అదే వచ్చింది.

"స్కూల్లో చివరిసారి స్టేజీ ఎక్కినప్పుడు నాకు పదమూడేళ్ళు. ముందు వరసలో మార్కులేసే పెద్దమనిషి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒక్క తప్పు పడింది. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. టిక్ అని. ఇంకా సగం పాట ఉంది నా దగ్గర. ఆయన అప్పటికే వినడం మానేశాడు. అంతే, దిగి వచ్చేశాను. ఎవరైనా వింటున్నారంటే ఇప్పటికీ నాకు పాట వినపడదు. ఆ టిక్ కోసం చూస్తుంటాను."

"ఊఁ... ఊఊ!"

"కదలకండి. నోరు తెరిచే ఉంచండి."

"ఊహూఁ!"

"దూది తీశాక చెబుదురు గానీ."

దూది తీశాక ఆయన గబగబా ఏదో చెప్పాడు. పెదవి సగం మొద్దుబారి ఉండడం వల్ల అది "నేను తల్పులు ఇనలేదండీ" లాంటిదేదో అయింది. తలుపులేమిటో డాక్టరుకి అర్థం కాలేదు. ఆయన గడియారం చూసి గుండెలు బాదుకుని, సాయంత్రం బులెటిన్ చదవాలంటూ పరుగెత్తాడు.

"ఈ నోటితోనా?" అని వెనకనుంచి అరిచింది. అప్పటికే ఆయన వీధిలో ఉన్నాడు.

సాయంత్రం వదిన రేడియో పెట్టింది. "రాగల ఇలవై నాలుగు గంటల్లో ఓ మోత్తలు వల్చాలు..."

వెయిటింగ్ రూములో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. వాపు బుగ్గలవాళ్ళు బుగ్గలు పట్టుకుని మరీ నవ్వారు. రేడియోలో గొంతు ఒక్క క్షణం ఆగింది. తనూ చిన్నగా నవ్వినట్టుంది. మళ్ళీ మొదలెట్టింది. వల్చాలు, ఉలుములు, మెలుపులు, అన్నీ వరసగా, తీరిగ్గా, చివరి మాట దాకా చదివింది.

"ఊరంతా నవ్వుతుంటే నువ్వేంటే, పూజలో కూర్చున్నట్టు కళ్ళు మూసుకున్నావు?" అంది వదిన.

"వింటున్నాను."

"ఎన్ని తప్పులు చదివాడో లెక్కపెట్టావా?"

డాక్టరు కళ్ళు తెరిచింది. లెక్కపెట్టలేదు. అసలు ఆ ఊహే రాలేదు. తర్వాతి మాట ఏం వస్తుందా అని మాత్రమే చూసింది.

వదిన ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, రేడియో కట్టేసింది. "మీ అన్నయ్యకి చెప్పమంటావా, ఇంకొన్నాళ్ళు ఆగమంటావా?"

"వదినా!"

*

మర్నాడు స్కూలుకి వెళ్తే పక్క గది ఖాళీగా ఉంది.

"టైమ్ మార్చుకున్నాడు. ఇకమీద పొద్దున బులెటిన్ అవగానే వస్తాడట. గోడ నీకు వదిలేశాడు" అంది టీచరమ్మ. "సగం పాటిచ్చినందుకు నన్ను తిట్టాలంటే తిట్టు. రెండు గదుల్లో ఇద్దరు ఒంటరిగా వాయించుకుంటుంటే, ముసలిదాన్ని, ఊరుకోలేకపోయాను."

డాక్టరు తిట్టలేదు. కూర్చుని వాయించింది. ఎవరూ వినడం లేదు. తను కోరుకున్నది అదే. మూడో వరస కూడా తప్పు లేకుండా వచ్చింది. కానీ పాట కింద ఏమీ లేదు. గాల్లో నడుస్తున్నట్టుంది.

తర్వాతి రోజు పొద్దున్న వచ్చిన పేషెంట్లని వదినకి అప్పజెప్పి, ఆయన టైముకి వెళ్ళింది.

చెప్పుల షాపు అప్పుడే తెరుస్తున్నారు. పైన తలుపు ఓరగా ఉంది. లోపలి నుంచి బరువైన, నెమ్మదైన శబ్దం వస్తోంది. కింది సగం. ఆమె చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

తన పాటేనని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఆ శబ్దంలో రాగమనేది లేదు. రాగం నిలబడడానికి కావలసిందంతా ఉంది. ఒకచోట అల లేచినట్టు లేచి, ఆగి, ఎవరికోసమో చోటు వదిలింది. అది తను రావలసిన చోటు. ఇంకోచోట మెల్లగా పక్కకి తప్పుకుంది. అదీ తన చోటే. మనిషి లేకుండానే మనిషికి ఇంత జాగా ఉంచి వాయించడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఎన్నేళ్ళుగా ఈయన ఇలా ఖాళీ చోట్లు మోస్తూ తిరుగుతున్నాడో!

నడుమ ఒక స్వరం తప్పింది. ఆయన "అబ్బా" అన్నాడు. తలుపు బయట డాక్టరు ఊపిరి బిగబట్టింది. తప్పుకి కాదు. ఆపేస్తాడేమోనని.

ఆపలేదు. ఆమె ఊపిరి వదిలింది. అప్పుడు తెలిసింది ఆమెకి, వినేవాడు గోడ అవతల ఏం చేస్తుంటాడో. ఇదే. ఆగిపోకు, ఆగిపోకు అనుకుంటూ ఉంటాడు.

తలుపు తోసింది.

ఆయన గభాల్న లేవబోయి మోకాలు కొట్టుకున్నాడు. "మీ టైమ్ మధ్యాహ్నం కదండీ! నేను వెళ్ళిపోతాను."

"కూర్చోండి. ఆ రోజు క్లినిక్‌లో తలుపులేవో అన్నారు. ఏంటవి?"

"తలుపులు కాదండీ, తప్పులు. నేను తప్పులు వినలేదు అన్నాను."

"మూడో వరస?"

"అది ఒక్కటి విన్నాను. రెండు నెలలు ఓర్చుకున్నాను కూడా."

డాక్టరుకి నవ్వు ఆగలేదు. "జరగండి."

ఆయన బెంచీ మీద ఎడమకి జరిగాడు, అక్క పక్కన ఎప్పుడూ కూర్చున్న వైపుకి. ఆమె కుడివైపున కూర్చుంది. మోచేతులు తగిలాయి. ఇద్దరూ సారీ అన్నారు. ఇద్దరూ జరగలేదు.

"నా చేతులు వణుకుతున్నాయి" అంది.

"నావీనండీ. నావి కింద ఉన్నాయి కాబట్టి కనపడవు."

మొదలెట్టారు.

మొదటి వరసలోనే ఆమె వేలు జారింది. చెవుల్లో ఆ టిక్ కోసం చూసింది. దాని చోట కింద నుంచి శబ్దం వచ్చి, మెట్టు మీద తడబడ్డ మనిషి మోచెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. ముందుకు నడిపింది. ఆ తర్వాత ఆమె చూడడం మానేసింది. తను ఇన్నాళ్ళూ ఒంటరిగా వాయించిన సన్నని రాగం కింద నేల పరుచుకుంది, నేల కింద నీళ్ళు కదిలాయి, గది కిటికీలు సన్నగా అదిరాయి. ఈ పాట ఇంత పెద్దదా? నాలుగు చేతులు చేస్తున్నదేనా ఇది? పక్కన ఆయన నోరు తెరుచుకుని, తన వేళ్ళ వైపు కాదు, ఆమె వేళ్ళ వైపు చూస్తున్నాడు. అక్క వదిలేసిన వైపు నుంచి, ఇన్నేళ్ళ తర్వాత, పాట వస్తోంది.

చివరి స్వరాలు ఇద్దరూ కలిసి నొక్కారు. స్వరాన్ని సాగదీసే పెడల్ ఆయన కాలి కింద ఉంది. శబ్దం ఆగకుండా గదిలో తేలుతోంది.

"కాలు తియ్యకండి" అంది డాక్టరు.

"తియ్యను."

"ఇది ఆగేలోపు ఒక మాట చెప్పాలి. ఆగిపోతే నాకు ధైర్యం చాలదు." ఆమె పియానో వైపే చూస్తూ చెప్పింది. "మీరు రోజూ నన్ను వినాలి. ఈ ఒక్క పాట కాదు. ఈ ఒక్క ఏడాదీ కాదు. బాగా వాయించినా, పాడు చేసినా, చివరి దాకా. మధ్యలో మూత పెట్టకూడదు."

ఆయన కాలు తియ్యకుండానే ఆమె వైపు తిరిగి నోరు విప్పాడు. వాతావరణం చదివే గొంతు కాదది.

"ఒక్క పాటైనా పూర్తిగా వినాలనుకున్నానండీ. మీరు జన్మకి సరిపడా ఇస్తానంటున్నారు. వద్దంటానా?"

వరండాలో టీచరమ్మకి మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి ముక్కు చీదుకున్న చప్పుడు కూడా వినిపించింది.

శబ్దం సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఉందో లేదో తెలియనంత అయింది.

"ఆగిందంటారా?" గుసగుసగా అడిగాడు.

"ఊహూఁ." ఆమె చెయ్యి ఆయన చేతి మీద వాలింది. "ఇంకా ఉంది. వినండి."